ఏడో నంబరు బస్సూ, ప్రతిపక్ష నాయకురాలూ

సువర్చల ఎన్నికల్లో నిలబడింది ఓడిపోవడానికి. ఆ షరతు మీదే సంతకం పెట్టింది కూడా.

ఇంగ్లండు నడుమ ఎక్కడో ఉన్న ఆల్డర్‌విక్ అనే చిన్న ఊళ్ళో, ఊరి నెత్తిమీద కూర్చున్నట్టుండే కొండపేటలో ఆవిడ కాపురం. భర్త భీమశంకరం ఓ రైళ్ళ కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. పొద్దున్నే కారేసుకుని వెళ్ళాడంటే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. సువర్చలకి కారు నడపడం రాదు. రాదంటే ప్రయత్నం చెయ్యలేదని కాదు. లైసెన్సు పరీక్ష పెట్టేవాళ్ళందరూ ఆవిడని పేరుపెట్టి పలకరించేటంతగా చేసింది. చివరిసారి పరీక్ష పెట్టినాయన సగం దారిలో కారు ఆపించి, వాతావరణం బాగుంది, ఇక్కణ్ణించి నడిచి వెళతానని దిగిపోయాడు. బయట జోరున వాన.

అప్పట్నించీ ఆవిడకీ లోకానికీ మధ్య ఉన్న సంబంధం ఏడో నంబరు బస్సు ఒక్కటే. గంటకోసారి ఆయాసపడుతూ కొండెక్కి, నలుగురైదుగురు ముసలమ్మల్నీ, ఓ చక్రాల సంచినీ, సువర్చలనీ ఎక్కించుకుని కిందికి తీసుకుపోయేది. కరివేపాకు దొరికే శ్రీలంక వాళ్ళ కొట్టు, లైబ్రరీ, పళ్ళ డాక్టరు, అన్నీ ఆ బస్సు దారిలోనే. ఆ బస్సు లేకపోతే ఆవిడ లోకం మొత్తం భీమశంకరం శనివారం మూడ్ మీద ఆధారపడుతుంది. ఆ మూడ్ సంగతి ఆవిడకి పెళ్ళైనప్పట్నించీ తెలుసు.

అలాంటి బస్సుని తీసేస్తారని పుకారు పుట్టింది. టిక్కెట్ల మీద వచ్చేది డీజిలుకి కూడా చాలదు, మిగతాది కౌన్సిలు పెట్టుకోవాలి. పెట్టుకోవడం ఇంక మా వల్ల కాదని కౌన్సిలు గొణుగుతోందిట. సరిగ్గా అప్పుడే పక్కింటి డోరతీ వచ్చి కంచె అవతల నిలబడింది.

ఆ ఊళ్ళో పార్టీలు రెండు. వాటికి పొడుగాటి పేర్లున్నాయి గానీ, సువర్చలకి అవి ఎన్నడూ నోరు తిరగలేదు. కార్యకర్తలు గుండెమీద గుచ్చుకునే రిబ్బన్ల రంగునిబట్టి ఒకదాన్ని వంకాయ పార్టీ అనీ, రెండోదాన్ని చింతపండు పార్టీ అనీ మనసులో అనుకునేది. డోరతీ వంకాయ పార్టీకి ఆ పేటలో పెద్ద దిక్కు. కొండపేటలో వంకాయ పార్టీ తాతలనాటినించీ గెలిచిన పాపాన పోలేదు. కానీ బ్యాలెట్ కాగితం మీద పార్టీ పేరు లేకపోతే పరువు తక్కువ. అందుకని ఉత్తినే ఓ పేరు కావాలి. దీన్ని వాళ్ళు కాగితం అభ్యర్థి అంటారు. ప్రచారం చెయ్యక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు, గెలిచే ప్రమాదం లేనేలేదు అని డోరతీ హామీ ఇచ్చింది. పైగా బస్సు మా పార్టీకి గుండెకాయ అని కూడా అంది.

"మరి గెలిస్తే?" అని అడిగింది సువర్చల, అడగాలి కాబట్టి.

"గెలవవు, సూ. అది నా పూచీ," అంది డోరతీ. సువర్చల అన్న పేరు ఆ దేశంలో ఎవరికీ మొదటి అక్షరం దాటి గొంతు దిగలేదు.

ఆ నెలంతా కొండపేటలో తక్కిన అభ్యర్థులు ఇల్లిల్లూ తిరిగారు. సాయంత్రం సరిగ్గా జనం కంచాల ముందు కూర్చునే వేళకి తలుపు కొట్టి, చిరునవ్వుతో ప్రజాస్వామ్యం గురించి మాట్లాడారు. వేళ్ళకి గ్రేవీతో, నోట్లో బంగాళాదుంపతో జనం విన్నారు. సువర్చల మాత్రం షరతు ప్రకారం ఇల్లు కదల్లేదు. ఓట్లు లెక్కపెట్టాక చూస్తే ఆవిడ గెలిచింది. ఎందుకు వేశారని ఊరి పత్రికవాళ్ళు అడిగితే, మమ్మల్ని ప్రశాంతంగా భోంచెయ్యనిచ్చిన అభ్యర్థి ఈవిడొక్కతే అని కొండపేట ముక్తకంఠంతో చెప్పింది.

"మా నరసాపురంలో ఇళ్ళూ వాకిళ్ళూ అమ్ముకుని నిలబడ్డా గెలవరోయ్. నువ్వు గడప దాటకుండా గెలిచేశావు," అన్నాడు భీమశంకరం. అందులో మెచ్చుకోలు ఎంతో, దిగులు ఎంతో ఆయనకే తెలీదు.

మొత్తం కౌన్సిల్లో ముప్పైయొక్క కుర్చీలు. ఈవిడ గెలుపుతో వంకాయ పార్టీకి పదహారు, చింతపండు పార్టీకి పదిహేను వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా ఎదుటి బెంచీల్లో కూర్చున్న వంకాయ పార్టీ నాయకుడు పెండిల్‌బరీ లేచి అధికార పక్షం బెంచీల్లోకి మారాడు. కార్పెట్లు మార్చారు. కుర్చీల మీద మెత్తలు మార్చారు. సువర్చల కొత్త చీర కట్టుకుని మొదటి పార్టీ సమావేశానికి బస్సులోనే వెళ్ళింది.

అక్కడ ఆవిడకి తెలిసిన మొదటి సంగతి, బస్సు తీసెయ్యబోతున్నారని.

ఇదేమిటని ఆవిడ అడిగితే పెండిల్‌బరీ నొచ్చుకోలేదు. ఓర్పుగా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పాడు. బస్సు మా గుండెకాయ అన్నమాట అక్షరాలా నిజమేననీ, అయితే అది ప్రతిపక్షంలో కూర్చుని చూసిన గుండెకాయ అనీ, పాలనా బాధ్యతల ఉన్నత స్థానంనించి పరికించినప్పుడు అదే అవయవం ఓ వ్యయభారంగా దర్శనమిస్తుందనీ అన్నాడు. ఎదుటి చింతపండు పార్టీ నాయకుడు క్రంప్టన్ నిన్నటిదాకా ఇదే ముక్క చెప్పేవాడుట. ఇవాళ్టినించీ బస్సు ఆయనకి గుండెకాయట. ఇందులో ఎవరి తప్పూ లేదు, కుర్చీలు అలా చూపిస్తాయి అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో సువర్చలకి కౌన్సిలు కార్యదర్శి విదర్స్ గదిలో అర్థమైంది. విదర్స్ సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన మనిషి. ఏ పార్టీకీ చెందడు. నిబంధనలకి మాత్రమే చెందుతాడు. బస్సు మీద ఆయన దగ్గర రెండు ప్రసంగాలు తయారుగా ఉంటాయి. "ఈ ఊరి పన్ను కట్టేవాడి నడుం విరగ్గొట్టలేం" అన్నది పాలకపక్షానికి. "బస్సు ఆగిన రోజున ఈ కొండకి ఊపిరాగుతుంది" అన్నది ప్రతిపక్షానికి. అధికారం మారినప్పుడల్లా అటుది ఇటూ, ఇటుది అటూ అందిస్తాడు. కామా కూడా మార్చక్కర్లేదుట.

తరవాతి పార్టీ సమావేశంలో సువర్చల లేచి, నా ఓటు బస్సుకే అంది. పెండిల్‌బరీ చిరునవ్వు నవ్వి, జోడీ పద్ధతి గురించి ఈవిడకి కొంచెం చెప్పమని డోరతీకి పురమాయించాడు.

ఆ పద్ధతి ఇదీ. ఒక పక్షంలో ఎవరైనా జబ్బుపడి సమావేశానికి రాలేకపోతే, ఎదుటి పక్షంలో ఆయనకి జోడీగా కట్టినవాళ్ళు కూడా ఇంటి దగ్గర ఆగిపోవాలి. అప్పుడు బలాబలాలు చెక్కుచెదరవు. ఎక్కడా రాసిలేదు, పెద్దమనుషుల ఒప్పందం. తోడికోడళ్ళలో ఒకరు పుట్టింటికి వెళితే రెండో ఆవిడా వెళ్ళి తీరాలన్నట్టు ఉందే అనుకుంది సువర్చల. ఆవిడకి కట్టిన జోడీ చింతపండు పార్టీ డెస్మండ్. రిటైరైన భూగోళం మాస్టారు. ఆయనకి శీతాకాలం మొదట్లో పట్టుకున్న దగ్గు వసంతం వచ్చినా వదల్లేదు. అంటే ఆయన రాడు, అంచేత ఈవిడ రాకూడదు. పెండిల్‌బరీ జోడీల జాబితా రాసేటప్పుడు దగ్గుని దృష్టిలో పెట్టుకునే రాశాడు.

ఇంటికొచ్చి సువర్చల బియ్యం కడుగుతూ లెక్క వేసుకుంది. ఆవిడ నరసాపురం కాలేజీలో మేథమేటిక్స్ చదివింది. ఆ చదువు ఇన్నేళ్ళలో ఎసట్లో నీళ్ళు కొలవడానికి తప్ప ఉపయోగపడలేదు. తనూ డెస్మండూ రాకపోతే వంకాయ పార్టీ పదిహేను, ఎదుటివాళ్ళు పధ్నాలుగు. బస్సు పోతుంది. ఇద్దరూ వస్తే చింతపండు పార్టీ పదిహేనుకీ తనొక్కతీ కలిసి పదహారు. బస్సు మిగులుతుంది. కాబట్టి చెయ్యాల్సిందల్లా సమావేశంలోగా డెస్మండ్ దగ్గు కట్టించడం.

కుక్కర్ దించి, మిరియాలు నూరింది.

డెస్మండ్ ఇల్లు కొండకి సగం దిగువన, బస్సు దారిలోనే. మొదటిరోజు ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకుని తలుపు కొడితే, ఆయన శత్రుపక్షం వచ్చిందని అనుమానంగా చూశాడు. అంత పెద్దాయన్ని పేరుపెట్టి పిలవడానికి ఈవిడకి నోరు రాక డెస్మండ్ గారూ అంది. ఆయన ఆ గారుని ఏదో బిరుదనుకుని మెత్తబడ్డాడు. ఓ గుక్క తాగాడు. కళ్ళవెంట నీళ్ళు, ముక్కువెంట నీళ్ళు. తరవాత, యాభైఏళ్ళు భూగోళం చెప్పాను గానీ ఆ భూగోళంలో ఇలాంటిది ఉందని ఎవరూ చెప్పలేదన్నాడు.

రోజూ చారు వెళ్ళింది. వారం తిరిగేసరికి దగ్గు సగమైంది. అప్పుడు విదర్స్ దగ్గరనించి పిలుపొచ్చింది.

కౌన్సిలు సభ్యురాలు ఒకరు ఎదుటి పక్షం సభ్యుడికి ఆతిథ్యం ఇస్తున్నట్టు సమాచారం అందిందనీ, కానుకల రిజిస్టరులో నమోదు కాలేదనీ ఆయన విచారం వెలిబుచ్చాడు. చారు కానుకా, ఆతిథ్యమా, మందా అన్నది ముందు తేలాలి. కానుకైతే వెల కట్టాలి, ఆతిథ్యమైతే ఎన్ని పాళ్ళు ద్రవమో చెప్పాలి, మందైతే ఈవిడ దగ్గర డాక్టరు పట్టా ఉండాలి. మూడూ కాదు, చారు అంది సువర్చల. అలాంటి గడి రిజిస్టరులో లేదన్నాడు విదర్స్.

ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేశారు. వాళ్ళు గంభీరంగా బల్ల చుట్టూ కూర్చుని, తలో చెంచా రుచి చూశారు. ఒకాయన కిటికీ తెరిచాడు. ఒకావిడ నీళ్ళు అడిగింది. మూడో ఆయన కాసేపు బయట తిరిగి వచ్చాడు. పావుగంట ఆలోచించాక, ప్రలోభం అనిపించుకోవడానికి కనీసం కొంత సుఖం ఉండాలనీ, ఈ పదార్థంలో అటువంటిదేమీ తమకి తగల్లేదనీ, కాబట్టి దీనివల్ల ఏ మనిషీ లొంగే అవకాశం లేదనీ ఏకగ్రీవంగా తేల్చారు. సువర్చల నిర్దోషిగా బయటికొచ్చింది. ఆవిడకి ఆ తీర్పంత అవమానం పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. లంచం పెట్టానన్నా బాగుండేది అని ఆ రాత్రి భీమశంకరం దగ్గర వాపోయింది. ఆయన, చారులో కాస్త మిరియాలు తగ్గించమని తానూ ఎప్పట్నించో అంటున్న సంగతి గుర్తుచేశాడు. మర్నాడు ఆయన టిఫిన్ బాక్సులో ఉత్త బ్రెడ్డు వెళ్ళింది.

సమావేశం రోజున డెస్మండ్ టై కట్టుకుని, దగ్గకుండా వచ్చి కూర్చున్నాడు. జోడీ వచ్చింది కనక సువర్చలా వచ్చింది. పెండిల్‌బరీ మొహం రంగు మారింది. పెండిల్‌బరీ నడుం విరగడం గురించీ, క్రంప్టన్ ఊపిరాగడం గురించీ చదివారు. చేతులెత్తమన్నప్పుడు సువర్చల చెయ్యి చింతపండు పార్టీ చేతులతోపాటు లేచింది. బస్సు నిలిచింది. గ్యాలరీలో ముసలమ్మలు చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక విదర్స్ లేచి గొంతు సవరించుకున్నాడు. ఆల్డర్‌విక్ కౌన్సిలుకి వాళ్ళ తాతలు రాసుకున్న నిబంధన ఒకటుందిట. ముఖ్య విషయంలో ఎవరి చెయ్యి ఏ పక్షంతో లేస్తే వాళ్ళు ఆ క్షణంనించీ ఆ పక్షానికి చెందినట్టే లెక్క. కాబట్టి సువర్చల ఇప్పుడు చింతపండు పార్టీ. కాబట్టి వాళ్ళకి పదహారు. కాబట్టి అధికారం మారింది. అధికారం మారితే ఆ పూట చేసిన తీర్మానాలన్నీ కొత్త పాలకులు పునఃపరిశీలించేదాకా మొదటికొచ్చినట్టే. మెత్తలు మార్చండి అన్నాడు. నౌకర్లు మెత్తలు మార్చారు. సువర్చల కూర్చున్న కుర్చీ మెత్త కూడా మార్చాల్సివచ్చి ఆవిడ లేచి నిలబడింది.

క్రంప్టన్ అధికార పక్షం కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఖాతాలు ఓసారి చూసి, పరిస్థితి ఇంత దారుణంగా ఉందని ప్రతిపక్షంలో ఉండగా తనకి ఎవరూ చెప్పలేదన్నాడు. పన్ను కట్టేవాడి నడుం గురించి ఆందోళన పడ్డాడు. వచ్చే నెల సమావేశంలో బస్సు తీసేసే తీర్మానం పెడతానన్నాడు. అటువైపు పెండిల్‌బరీ కొండ ఊపిరి గురించి అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

డెస్మండ్ పాతకాలపు మనిషి. బయటికొచ్చి బస్సు స్టాపులో నిలబడ్డాడు. పార్టీలో చేరి నలభై ఏళ్ళయిందన్నాడు. తరవాత, బస్సు రాకపోతే నువ్వు ఆ వేడి పదార్థం ఎలా తెస్తావని అడిగాడు. తేలేను అంది సువర్చల.

"అయితే వచ్చే నెల నేను దూకుతాను," అన్నాడు.

దూకాడు. అధికారం మారింది. మళ్ళీ మెత్తలు మారాయి, ప్రసంగాలు మారాయి, బస్సు మళ్ళీ వ్యయభారమైంది. ఆ పై నెల మళ్ళీ ఎవరో ఒకరు దూకాలి. ఇద్దరూ కూర్చుని వంతులు వేసుకున్నారు. ఒకరు దూకే నెల, లెక్క కుదరడానికి అవసరమైతే రెండోవారికి జలుబు చేసేది. బస్సుని కాపాడే తీర్మానం ప్రతి నెలా నెగ్గేది, ప్రతి నెలా రద్దయ్యేది. ఆ సందులో బస్సు తిరుగుతూనే ఉంది.

సువర్చలకి లోపల్లోపల చచ్చేంత సిగ్గుగా ఉండేది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మున్సిపాలిటీ చైర్మన్ ఎన్నిక వస్తే, కౌన్సిలర్లని బస్సెక్కించి ఏ యానామో, ఏ అరకో క్యాంపుకి తీసుకుపోయి, బిర్యానీలు పెట్టి దాచేవారు. వాళ్ళ నాన్న వరండాలో కూర్చుని, ఛీ, గోడమీద పిల్లులు అనేవాడు. ఈవిడా పక్కన పీట మీద కూర్చుని ఛీ అనేది. ఇప్పుడు తనే నెలకోసారి గోడ దూకుతోంది, అదీ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని.

"క్యాంపులో ఏంటి మెనూ ఇవాళ?" అనేవాడు భీమశంకరం, ఈవిడ ఫ్లాస్కుతో బయల్దేరుతుంటే.

"చారూ, అప్పడం అండి. మా క్యాంపుకి బడ్జెట్ లేదు," అనేది.

కౌన్సిలు మాత్రం ఇబ్బంది పడలేదు. ఏ సంస్థైనా అంతే, ఏదైనా మూడుసార్లు జరిగితే దానికో పద్ధతి పుడుతుంది. విదర్స్ కార్యక్రమ పత్రంలో రానివారి క్షమాపణల తరవాత "అధికార మార్పిడి" అని ఓ అంశం శాశ్వతంగా వేయించాడు. ఒకవైపు వంకాయ రంగూ ఒకవైపు చింతపండు రంగూ ఉన్న మెత్తలు కుట్టించాడు, తిరగేస్తే చాలు. లండన్నించి ఓ సలహాదారు వచ్చి రెండు రోజులు చూసి, ఇంత చైతన్యవంతమైన ప్రజాస్వామ్యం దేశంలో మరెక్కడా లేదనీ, అధికార బదిలీకి ఇక్కడ సగటున నాలుగు నిమిషాలు పడుతోందనీ నివేదిక రాశాడు. పక్క ఊళ్ళ కౌన్సిళ్ళు మెత్తలు చూసిపోవడానికి మనుషుల్ని పంపాయి. ఎవరూ అడగనిది ఒక్కటే, ఇదంతా ఎందుకు జరుగుతోందని.

అడిగినవాళ్ళు చివరికి ఇద్దరే, పెండిల్‌బరీ, క్రంప్టన్. ఏ నెల ఎవరి కారుకి జెండా పెట్టాలో తెలీక ఇద్దరి డ్రైవర్లూ విసిగిపోయారు. ఇద్దరూ కలిసి ఓ హోటల్లో భోంచేశారు. బయటికొచ్చేసరికి పొత్తు కుదిరింది. ఊరి విశాల ప్రయోజనాల దృష్ట్యా, సుస్థిరత అనే పరమ లక్ష్యంతో రెండు పార్టీలూ కలిసి మహా సమన్వయ పాలన చేస్తాయని ప్రకటించారు. డోరతీ కొత్త రిబ్బను చూపించడానికి వచ్చింది. వంకాయ రంగూ చింతపండు రంగూ కలిపి నేశారు. ఈ రెండూ కలిస్తే పులుసేగా, ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదు అనుకుంది సువర్చల.

పులుసు రిబ్బను పెట్టుకోనివాళ్ళు సువర్చలా, డెస్మండూ ఇద్దరే మిగిలారు. వంతులెవరివైనా, గోడకి ఇటూ అటూ ఒకే ఇల్లయ్యాక దూకడానికి చోటేదీ? అందరూ పాలకులే కాబట్టి అందరికీ బస్సు వ్యయభారంగానే దర్శనమిచ్చింది. విదర్స్ మొదటి ప్రసంగం ఇరవైతొమ్మిది ప్రతులు తీశాడు. రెండోది రెండు. సువర్చల తన వంతుకి కొండ ఊపిరి గురించి చదివింది. ఆ వాక్యం ఎంతమంది ఎన్నిసార్లు అబద్ధంగా చదివారో తెలిసి కూడా, ఆ పూట అది ఆవిడకి నిజం. ఇరవైతొమ్మిది చేతులు ఒకవైపు, రెండు చేతులు ఒకవైపు. ఏడో నంబరు బస్సు నెలాఖరుతో రద్దు.

గ్యాలరీలో ముసలమ్మలు సంచులు సర్దుకుని లేచారు. ఒకావిడ పోతూ పోతూ సువర్చల చెయ్యి నొక్కింది. గెలిచి ఉండకపోతే ఈ ఓటమి తనది అయ్యేది కాదు కదా అనుకుంది సువర్చల.

అప్పుడు విదర్స్ మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. అందరూ అలవాటుగా మెత్తల కోసం లేవబోయారు.

మెత్తల సంగతి కాదన్నాడు. మహా సమన్వయంలో లేని పక్షమే ప్రతిపక్షం కాబట్టి, నిబంధనల ప్రకారం సువర్చల ప్రతిపక్ష నాయకురాలు, డెస్మండ్ ఉపనాయకుడు. ప్రతిపక్ష నాయకత్వానికి వాహన సదుపాయం ఇవ్వాలి. గుర్రబ్బండ్ల కాలంనాటి నిబంధన, ఎవరూ కొట్టెయ్యలేదు. ప్రతి నాయకుడూ తనకి ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని ఉంచుకున్నదే. పెండిల్‌బరీ, ఆవిడకో చిన్న కారు ఇచ్చెయ్యమన్నాడు.

"నాకు నడపడం రాదండి," అంది సువర్చల, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట తలెత్తుకుని. కావాలంటే లైసెన్సు ఆఫీసులో అడగమంది.

అడిగారు. వాళ్ళు రాతపూర్వకంగా, కాస్త ఆవేశంగా, ధ్రువీకరించారు. అయితే డ్రైవరుతో వాహనం కావాలి. ఆ కొండ ఏటవాలుకి నిలిచేదై ఉండాలి. నాయకురాలిని వార్డు ప్రజలు దారిలో కలుసుకుని విన్నపాలు చెప్పుకునే హక్కు కూడా అదే నిబంధనలో ఉంది కాబట్టి వాళ్ళు కూర్చోవడానికి చోటుండాలి. విదర్స్ పద్ధతి ప్రకారం టెండరు పిలిచాడు. అన్ని షరతులకీ సరిపోయే వాహనం ఆ చుట్టుపక్కల ఒక్కటే దొరికింది. అదే బస్సు, అదే డ్రైవరు. అద్దె మాత్రం పాత ఖర్చుకి ఒకటిన్నర రెట్లు. మహా సమన్వయం నోరు మెదపకుండా మంజూరు చేసింది. ప్రతిపక్షం హక్కుల్ని కాలరాశారన్న మాట ఎవరూ పడదల్చుకోలేదు, రేపెప్పుడో తామూ అక్కడే కూర్చోవాలి.

బస్సు ముందు ఏడు అన్న అంకె తీసేసి "ప్రతిపక్షం" అని బోర్డు పెట్టారు. ముసలమ్మలు మళ్ళీ ఎక్కారు. టిక్కెట్టు లేదు. ఎక్కినవాళ్ళు ఏదో ఒక విన్నపం చెప్పుకుంటే చాలు, సందర్శకుల కింద లెక్క. మోకాళ్ళ నొప్పులని ఒకరూ, ఎదురింటి కుక్కని ఒకరూ చెప్పుకుని సూపర్‌మార్కెట్ దగ్గర దిగిపోయేవారు. ఆ వారం సువర్చల మొహం చూడాలి. నరసాపురానికి ఫోను చేసి, తనకి ప్రభుత్వం వాహనమిచ్చిందనీ, కాస్త పెద్దదేననీ చెప్పింది.

వారం తరవాత విదర్స్ చిన్న వివరణ పంపాడు. నాయకత్వ వాహనం, నాయకత్వం లోపల కూర్చుని ఉంటేనే కదలాలి.

అప్పట్నించీ సువర్చల పొద్దున్న మొదటి ట్రిప్పుకి ఎక్కుతుంది. మధ్యాహ్నం డెస్మండ్ గారు ఎక్కి, ఉపనాయకుడి హోదాలో రెండు ట్రిప్పులు కూర్చుంటే, ఆ కాస్సేపట్లో ఇంటికెళ్ళి నాలుగు మెతుకులు తిని మళ్ళీ వస్తుంది. ముందు సీట్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంది. కొండెక్కుతుంది, దిగుతుంది, ఎక్కుతుంది. శ్రీలంక వాళ్ళ కొట్టు ముందునించి రోజుకి చాలాసార్లు వెళుతుంది. ఒక్కసారీ దిగడానికి లేదు. ఆవిడ దిగితే బస్సాగుతుంది, బస్సులో ముసలమ్మలుంటారు. కరివేపాకు కిటికీలోంచి అందుకుంటుంది.

మొన్న శుక్రవారం భీమశంకరం ఆఫీసునించి పెందరాళే వచ్చి, ఇంటికి తాళం చూసి, స్టాపులో నిలబడ్డాడు. బస్సు ఆగింది. ఎక్కి, భార్య పక్క సీట్లో కూర్చోబోతుంటే, అది ఉపనాయకుడిది అని డ్రైవరు వెనక్కి పంపాడు. వెనక సీటు కమ్మీ పట్టుకుని, ముసలమ్మలకి అర్థం కాకుండా తెలుగులో మెల్లగా అడిగాడు.

"ఏమోయ్, రాత్రికి ఇంట్లో వంట ఏమైనా ఉంటుందా?"

సువర్చల చిక్కుడు ఈనె లాగుతూ, తల తిప్పకుండా, మర్యాదగా జవాబిచ్చింది. వార్డు ప్రజల విన్నపాన్ని ప్రతిపక్షం సానుభూతితో స్వీకరించిందనీ, తగిన సమయంలో తగిన వేదికపై పరిశీలించబడుతుందనీ అంది. తరవాతి స్టాపులో దిగాలంటే ఇప్పుడే గంట నొక్కమంది.